బురదలో పుట్టిన బుల్లెట్

ట్రయల్స్ బుల్లెట్ అనే మోటారుసైకిల్‌ను ఇంగ్లండ్‌లోని రెడ్డిచ్ పట్టణంలో రాయల్ ఎన్‌ఫీల్డ్ కంపెనీ 1940ల చివరి నుంచి 1960ల మొదటి ఏళ్ల దాకా తయారు చేసింది. ఇంజను 346 సీసీ, ఒకటే సిలిండర్. రోడ్డు మీద తిరిగే బుల్లెట్‌కు ఇది తోబుట్టువే, కానీ పని వేరు. రాళ్ల వాగులు, జారే గుట్టలు, మడమ లోతు బురద దాటే పోటీల కోసం దీన్ని రూపొందించారు. 21 అంగుళాల ముందు చక్రం, నీళ్లు తగలకుండా పైకెత్తి కట్టిన సైలెన్సర్, చిన్న ట్యాంకు, తేలికపాటి అల్యూమినియం మడ్‌గార్డులు, ఒక్కరు మాత్రమే కూర్చునే సీటు దాని ఆనవాళ్లు.

తెలుగు ఊళ్లలో బుల్లెట్ అంటే దర్జా. పోలీసు అధికారి, మోతుబరి రైతు, పెళ్లికొడుకు ఎక్కే బండి. ఆ పేరుతో రెండో ప్రపంచ యుద్ధం తర్వాత వచ్చిన కొత్త బండి మొదట జనం కంటపడింది మాత్రం ఊరేగింపులో కాదు. 1948 ఫిబ్రవరిలో ఇంగ్లండ్‌లో జరిగిన కోల్‌మోర్ కప్ ట్రయల్ అనే బురద పోటీలో దాని నమూనా బండ్లు దిగాయి. వాటి వెనక చక్రానికి ఉన్న స్ప్రింగులను చూసి చాలామంది అనుభవజ్ఞులు పెదవి విరిచారు. ఈ బండి చరిత్రంతా ఆ స్ప్రింగుల చుట్టూనే తిరుగుతుంది.

రెడ్డిచ్ మొదట్లో సూదుల ఊరు. పంతొమ్మిదో శతాబ్దంలో ప్రపంచం వాడిన కుట్టుసూదుల్లో అధిక భాగం అక్కడి నుంచే వెళ్లేవి. జార్జ్ టౌన్‌సెండ్ కుటుంబం సూదుల పరిశ్రమ నుంచి సైకిళ్ల తయారీలోకి వచ్చి నష్టపోయింది. 1891లో ఆల్బర్ట్ ఈడీ, రాబర్ట్ వాకర్ స్మిత్ ఆ కర్మాగారాన్ని చేతికి తీసుకున్నారు. మిడిల్‌సెక్స్‌లోని ఎన్‌ఫీల్డ్ ఊళ్లో ప్రభుత్వ తుపాకుల కర్మాగారం ఉండేది. 1893లో దానికి విడిభాగాలు చేసిచ్చే కాంట్రాక్టు దొరికింది. రాయల్ ఎన్‌ఫీల్డ్ అన్న పేరు, ఫిరంగి గుర్తు, తుపాకిలా తయారైన బండి అన్న ప్రచారం అన్నీ ఆ కాంట్రాక్టు నుంచి పుట్టినవే. మోటారుసైకిళ్లు 1901లో మొదలయ్యాయి. బుల్లెట్ అన్న పేరు 1932లోనే కంపెనీ కేటలాగులోకి ఎక్కింది, కాకపోతే అప్పటి బండికీ యుద్ధం తర్వాతి బండికీ పేరు తప్ప పెద్దగా పోలిక లేదు.

ట్రయల్స్ అంటే వేగం పందెం కాదు. కొండ దారిలో అక్కడక్కడా కొన్ని గజాల కష్టమైన తావులను తాళ్లతో, గుర్తు బల్లలతో హద్దులు కట్టి వేరు చేస్తారు. ఒక్కో తావు దగ్గర ఒక పరిశీలకుడు నిలబడి రైడర్ కాళ్లను చూస్తుంటాడు. కాలు ఒక్కసారి నేలకు తగిలితే ఒక మార్కు పోతుంది. పలుమార్లు ఆనిస్తే మూడు, బండి ఆగితే ఐదు. చివరికి తక్కువ మార్కులు పోగొట్టుకున్నవాడు గెలుస్తాడు. పొలం గట్టు మీద బండి నడిపినవాళ్లకు ఇందులోని కష్టం చెప్పనక్కర్లేదు. వేగం ఉంటే బండి తనంతట తాను నిలబడుతుంది. నడక వేగానికి దిగితే నిలబెట్టాల్సింది మనిషే.

ఈ ఆట మోటారుసైకిల్ అంత పాతది. తొలి రోజుల్లో బండి గమ్యం చేరుతుందా లేదా అన్నదే పెద్ద ప్రశ్న కాబట్టి, నమ్మకాన్ని పరీక్షించే ప్రయాణాలు పోటీలుగా మారాయి. స్కాట్లండ్ కొండల్లో సాగే స్కాటిష్ సిక్స్ డేస్ ట్రయల్ మూలాలు 1909 దాకా పోతాయి. స్కాట్ ట్రయల్‌ను 1914లో మోటారుసైకిళ్ల తయారీదారు ఆల్‌ఫ్రెడ్ ఆంగస్ స్కాట్ యార్క్‌షైర్‌లో తన కార్మికుల కోసం మొదలుపెట్టాడు. అందులో కాలు పెట్టకుండా దాటడమే కాదు, తొందరగా రావడం కూడా లెక్కే. ఇంటర్నేషనల్ సిక్స్ డేస్ ట్రయల్ 1913లో కార్లైల్‌లో మొదలై దేశాల మధ్య పోటీ అయింది. ఆ ఆరు రోజులూ బండి పాడైతే రైడరే బాగు చేసుకోవాలి. ముఖ్యమైన భాగాలు మార్చకుండా వాటికి ముందే రంగు గుర్తులు పెట్టేవారు. మార్కు పోగొట్టుకోకుండా ముగించినవారికి బంగారు పతకం.

బ్రిటిష్ కంపెనీలకు ఈ పోటీలు ప్రకటనల కంటే విలువైనవి. ఆదివారం గెలిచిన బండి పేరు ఆ వారం పత్రికల్లో వస్తుంది, మరుసటి వారం దుకాణంలో దాని తోబుట్టువు అమ్ముడవుతుంది. ది మోటార్ సైకిల్, మోటార్ సైక్లింగ్ అనే రెండు వారపత్రికలు ఉండేవి. అట్టల రంగును బట్టి పాఠకులు మొదటిదాన్ని నీలం పత్రిక, రెండోదాన్ని ఆకుపచ్చ పత్రిక అని పిలుచుకునేవారు. అవి ట్రయల్స్ వార్తలను వివరంగా, ఫొటోలతో వేసేవి. ఈనాడు ఒక పాత బండి పుట్టుపూర్వోత్తరాలు వెతికేవారికి ఆ సంచికలే మొదటి ఆధారం.

1948 నాటికి ట్రయల్స్ బండి వెనక చక్రాన్ని ఫ్రేముకు నేరుగా బిగించేవారు. స్ప్రింగు ఉంటే సీటు కిందే, చక్రానికి లేదు. ఇది పాతకాలపు అలవాటు మాత్రమే కాదు, దాని వెనక ఒక వాదం ఉంది. టైరు ఎక్కడ పట్టు తప్పుతోందో రైడర్ నడుముకు తెలియాలి. మధ్యలో స్ప్రింగు వస్తే ఆ కబురు అందదు, ఇంజను తోపు కూడా స్ప్రింగును నొక్కడంలోనే ఖర్చయిపోతుంది అనేవారు. చేతలూ ఆ మాటను బలపరిచాయి. హ్యూ వైనీ 1947, 48, 49 సంవత్సరాల్లో వరసగా మూడుసార్లు స్కాటిష్ సిక్స్ డేస్ గెలిచింది వెనక స్ప్రింగు లేని ఏజేఎస్ మీదే. అంతటి విజేత నడిపే బండి చాలదని ఎవరు అంటారు?

రాయల్ ఎన్‌ఫీల్డ్ ఇంజనీరు టోనీ విల్సన్ జోన్స్ అన్నాడు. వెనక చక్రాన్ని ఊగే చేతికి తగిలించి, రెండు వైపులా నూనె నింపిన షాక్ అబ్జార్బర్లు పెట్టాడు. ఈ రోజు ప్రతి బండికీ ఉండే ఏర్పాటే అది. రాళ్ల వాగులో చక్రం ఎగిరి గాలిలో ఉన్నంతసేపూ బండిని తోసేది ఏమీ లేదన్నది స్ప్రింగు పక్షం వాదన. రాయి తగలగానే చక్రం ఒక్కటే పైకి లేచి, వెంటనే దిగి నేలను అందుకుంటే తోపు తెగదు. రైడర్ ఎగిరిపడడు, అలసట తగ్గుతుంది. ఆరు రోజుల పోటీలో అలసట తగ్గడమంటే చివరి రోజున మార్కులు మిగలడమే. కోల్‌మోర్ కప్‌లో దిగిన నమూనాలు ఈ వాదానికి తొలి బహిరంగ పరీక్ష. ఆ ఏడాదే ఇటలీలోని శాన్ రెమోలో ఇంటర్నేషనల్ సిక్స్ డేస్ జరిగింది. ట్రోఫీ గెలిచిన బ్రిటిష్ జట్టులో చార్లీ రోజర్స్, విక్ బ్రిటెన్ ఇద్దరూ కొత్త బుల్లెట్ల మీదే నడిచి, ఇద్దరూ బంగారు పతకాలతో తిరిగొచ్చారు. 1949లో బండి అమ్మకానికి వచ్చింది.

పాతకాలపు వాదాన్ని తెలివితక్కువ మాటగా కొట్టిపారేయడం న్యాయం కాదు. నిలకడైన మెత్తటి బురదలో, జారుడు ఏటవాలులో స్ప్రింగు లేని బండి నిజంగానే బాగా పట్టేది. ట్రయల్స్ దారులు రాళ్లమయం అయ్యేకొద్దీ, షాక్ అబ్జార్బర్లు మెరుగయ్యేకొద్దీ తూకం మారింది. 1950ల మధ్యకల్లా మిగతా పెద్ద కంపెనీల ట్రయల్స్ బండ్లకు కూడా వెనక స్ప్రింగులు వచ్చేశాయి. విల్సన్ జోన్స్ ఏడెనిమిదేళ్లు ముందున్నాడు.

ఇంజను టెడ్ పార్డో చేతి పని. పిస్టన్ వెడల్పు 70 మిల్లీమీటర్లు, అది పైకీ కిందికీ కదిలే దూరం 90. వెడల్పు కన్నా దూరం ఎక్కువైన ఇలాంటి ఇంజను తక్కువ వేగంలోనే బలంగా లాగుతుంది. లోపల బరువైన ఫ్లైవీల్ ఉండడం వల్ల రైడర్ యాక్సిలరేటర్ దాదాపు మూసేసినా ఇంజను ఆగకుండా ఒక్కో దెబ్బా లెక్కపెట్టుకోగలిగేంత నిదానంగా తిరుగుతుంది. బుల్లెట్ అనగానే గుర్తొచ్చే ఆ డుగ్‌డుగ్ శబ్దానికి కారణం ఇదే. ట్రయల్స్‌లో అది వట్టి శబ్దం కాదు, ప్రాణం. ఒక్కో పేలుడుకూ మధ్య టైరుకు పట్టు దొరకబుచ్చుకునే వ్యవధి ఉంటుంది.

బర్మింగ్‌హామ్‌లోని ఆల్బియన్ కంపెనీ చేసిన నాలుగు గేర్ల డబ్బా ఇంజను వెనక్కి నేరుగా బోల్టులతో బిగించి ఉంటుంది. నూనెకు వేరే ట్యాంకు లేదు, క్రాంక్‌కేసులోనే ఒక గది కట్టారు. బయట గొట్టాలు తక్కువైతే రాయి తగిలి పగిలేవి కూడా తక్కువే. ట్రయల్స్ రకానికి కంప్రెషన్ తగ్గించారు, గేర్ల పళ్ల లెక్క మార్చారు, బ్యాటరీతో పని లేకుండా లూకాస్ మాగ్నెటోతోనే నిప్పు రగిలేలా చేశారు. వాగు దాటేటప్పుడు నీళ్లు పోకుండా దానికి మూతలు వేశారు. హెడ్‌లైటు క్షణాల్లో ఊడదీసి పక్కన పెట్టేలా ఉండేది.

ఆ బండికి పేరు తెచ్చిన మనిషి జానీ బ్రిటెన్. శాన్ రెమోలో పతకం తెచ్చిన విక్ బ్రిటెన్ కొడుకు. 1950లో కంపెనీ జట్టులో చేరేసరికి ఇంకా ఇరవై నిండలేదు. 1952లో 350 బుల్లెట్ మీద స్కాటిష్ సిక్స్ డేస్ గెలిచాడు. ఆరు రోజుల పాటు ఫోర్ట్ విలియం చుట్టూ, బెన్ నెవిస్ కొండ పాదాల దగ్గర, రాళ్లు దొర్లే వాగుల్లో సాగిన పోటీ అది. 1957లో మళ్లీ గెలిచాడు. మధ్యలో 1955, 56 సంవత్సరాల్లో స్కాట్ ట్రయల్ కూడా అతనిదే. పదిహేనేళ్ల కాలంలో ఇంటర్నేషనల్ సిక్స్ డేస్‌లో 13 బంగారు పతకాలు తెచ్చుకున్నాడు. తమ్ముడు పాట్ కూడా అదే కంపెనీకి నడిపాడు. జానీ బండి రిజిస్ట్రేషన్ హెచ్‌ఎన్‌పీ 331. ట్రయల్స్ అభిమానులకు ఆ అంకెలు ఇప్పటికీ కంఠస్థం.

హెచ్‌ఎన్‌పీ 331 లాంటివి వర్క్స్ బండ్లు. అంటే కంపెనీ తన సొంత రైడర్ల కోసం పోటీల విభాగంలో కట్టించినవి. దుకాణంలో కొన్న ట్రయల్స్ బుల్లెట్ దానికి పైకి పోలికే తప్ప లోపల ఒకటి కాదు. వర్క్స్ బండికి ఏ వారం ఏ మార్పు జరుగుతుందో ఎవరికీ తెలియదు. ఒక పోటీలో పగిలిన భాగం స్థానంలో తేలికైనది వస్తుంది, సీటు అరంగుళం దిగుతుంది, ఫుట్‌రెస్టులు వెనక్కి జరుగుతాయి. 1958లో కంపెనీ వర్క్స్ రెప్లికా అనే పేరుతో ఒక రకాన్ని అమ్మకానికి పెట్టింది. జానీ బ్రిటెన్ బండిలో ఏళ్ల తరబడి నిగ్గు తేలిన మార్పులను చాలావరకు మామూలు కొనుగోలుదారుకు అందించిన బండి అది. ఎక్కువ తయారు కాలేదు. ట్రయల్స్ బుల్లెట్లలో సేకరించేవారు అన్నిటికన్నా ఆశగా వెతికేది దీన్నే.

అప్పటికే కాలం మారుతోంది. 1961లో గార్డన్ జాక్సన్ ఏజేఎస్ మీద స్కాటిష్ సిక్స్ డేస్‌లో ఆరు రోజులకూ కలిపి ఒక్కటంటే ఒక్క మార్కు పోగొట్టుకుని గెలిచాడు. నాలుగు స్ట్రోకుల పెద్ద బ్రిటిష్ బండికి అది శిఖరం. ఆ తర్వాత దారి దిగువకే. ఏరియల్ బండి మీద పేరు తెచ్చుకున్న సామీ మిల్లర్ 1964 చివర్లో స్పెయిన్‌లోని బుల్టాకో కంపెనీతో చేరి, వాళ్లకు షెర్పా అనే రెండు స్ట్రోకుల బండిని తీర్చిదిద్దాడు. 1965లో దాని మీదే స్కాటిష్ సిక్స్ డేస్ గెలిచాడు. బుల్లెట్ బరువు దాదాపు 140 కిలోలు, షెర్పాది 90 చుట్టుపక్కల. రాతి మీద బండిని చేత్తో పక్కకు జరిపి నిలబెట్టగలిగే ఆట మొదలైంది. 50 కిలోల తేడా ముందు ఏ నైపుణ్యమూ నిలవదు.

రాయల్ ఎన్‌ఫీల్డ్ కూడా 250 సీసీ క్రూసేడర్‌తో ట్రయల్స్ బండి చేసి చూసింది. పాత బుల్లెట్ స్థాయి పేరు దానికి రాలేదు. స్థాపకుడు స్మిత్ కొడుకు, దశాబ్దాల పాటు కంపెనీని నడిపిన మేజర్ ఫ్రాంక్ స్మిత్ 1962లో చనిపోయాక యాజమాన్యం చేతులు మారింది. రెడ్డిచ్ కర్మాగారం 1967లో మూతపడింది. బ్రాడ్‌ఫర్డ్ ఆన్ ఏవన్‌లోని భూగర్భ కర్మాగారంలో మిగిలిన పని కూడా 1970తో ముగిసింది.

పాత బుల్లెట్ రూపం బతికింది మద్రాసులో. 1950ల మొదట్లో భారత సైన్యం సరిహద్దుల్లో గస్తీకి దాన్ని ఎంచుకుంది. రోడ్డు లేని చోట నడవడానికి ఏ గుణాలు కావాలో అవి ఆ బండికి ట్రయల్స్ నుంచే వచ్చాయి. 1955లో మద్రాస్ మోటార్స్ భాగస్వామ్యంతో ఎన్‌ఫీల్డ్ ఇండియా ఏర్పడింది, తిరువొత్తియూరులో కర్మాగారం లేచింది. మొదట రెడ్డిచ్ నుంచి ఓడల్లో వచ్చిన భాగాలను బిగించేవారు. 1960ల మొదటికి భాగాలు కూడా అక్కడే తయారయ్యాయి. ఇంగ్లండ్‌లో ఆ నమూనాను ఆపేశాక కూడా ఇక్కడ కొనసాగింది. విజయవాడ, వరంగల్, కర్నూలు మెకానిక్‌లు తరాలుగా విప్పి బిగించిన ఇంజను కొలతలు, ఊగే చేయి, గేరు డబ్బా ఏర్పాటు 1948 నాటి బురద బండి నుంచి నేరుగా దిగొచ్చినవే. 1977 నుంచి మద్రాసు బుల్లెట్లు తిరిగి ఇంగ్లండ్‌కే ఎగుమతయ్యాయి. 2019లో రాయల్ ఎన్‌ఫీల్డ్ భారతదేశంలో బుల్లెట్ ట్రయల్స్ పేరుతో 350, 500 సీసీ బండ్లను విడుదల చేసినప్పుడు జానీ బ్రిటెన్‌నే తలచుకుంది. ఎత్తిన సైలెన్సర్, ఒంటి సీటు, గళ్ల టైర్లు పాత బండిని గుర్తు చేసేవే. అది పాత బండికి నివాళి, పునర్జన్మ కాదు. కొన్ని నెలల్లోనే ఆగిపోయింది.

అసలు రెడ్డిచ్ ట్రయల్స్ బుల్లెట్లు ఇంత అరుదు కావడానికి తక్కువ తయారవడం ఒక కారణం మాత్రమే. ట్రయల్స్ బండి పనిముట్టు. గొడ్డలి అరిగితే పారేసినట్టు వాడి వదిలేశారు. బరువు తగ్గుతుందని ఫ్రేము చెవులు కోసేశారు, బిళ్లలకు కన్నాలు వేశారు. ఒక బండి ఇంజను తీసి మరో ఫ్రేములో పెట్టారు. కొత్త తేలికపాటి బండ్లు వచ్చాక పాతవాటి విలువ ఇనుప సామాను స్థాయికి పడిపోయింది. పాత బండ్ల మీద ప్రేమ ఇంగ్లండ్‌లో 1946 నుంచే సంఘంగా ఏర్పడినా, వింటేజ్ మోటార్ సైకిల్ క్లబ్ తొలి సభ్యుల చూపు అంతకు ముందు తరం బండ్ల మీద ఉండేది. 1950ల బురద బండిని దాచుకోవాలని ఎవరికీ తోచలేదు.

తోచేసరికి వేరే చిక్కు వచ్చింది. 1965కు ముందటి బ్రిటిష్ బండ్లకు మాత్రమే ప్రవేశమున్న పోటీలు మొదలై జనాదరణ పొందాయి. స్కాట్లండ్‌లో కిన్‌లోక్‌లెవెన్ దగ్గర జరిగేది వాటిలో పేరున్నది. అక్కడ జలవిద్యుత్ గొట్టాల పక్కన నిటారుగా ఎక్కే పైప్‌లైన్ అనే తావు ఉంది, పెద్ద పెద్ద రైడర్లనూ ఓడించే ఎక్కుడు అది. ఈ పోటీల కోసం మామూలు రోడ్డు బుల్లెట్లను ట్రయల్స్ బండ్లుగా మార్చడం పరిపాటి అయింది. మద్రాసు నుంచి వెళ్లిన ఇంజన్లు, భాగాలు చవకగా దొరకడంతో పని ఇంకా సులువైంది. అలా మార్చిన బండిని అలాగే చెప్పి అమ్మితే తప్పేమీ లేదు. చెప్పకుండా అమ్మినప్పుడు, లేదా రెండు మూడు చేతులు మారి అసలు మాట మరుగున పడినప్పుడు, కొన్నవాడి దగ్గర ఉన్నది ఏమిటన్న ప్రశ్న మొదలవుతుంది.

ఆ ప్రశ్నకు జవాబు ముందుగా నంబర్లలో వెతుకుతారు. ఫ్రేము నంబరు, క్రాంక్‌కేసు మీది ఇంజను నంబరు రాసుకుంటారు. 350 బుల్లెట్‌కు కంపెనీ గుర్తు జీ2. రెండు నంబర్లూ ఒకటే అయ్యుండాలని లేదు. ఏ ఇంజను ఏ ఫ్రేముతో, ఏ తేదీన, ఏ డీలరుకు వెళ్లిందో చెప్పాల్సింది కర్మాగారం నుంచి బండ్లు పంపిన లెడ్జరు. రెడ్డిచ్ లెడ్జర్ల సమాచారం రాయల్ ఎన్‌ఫీల్డ్ ఓనర్స్ క్లబ్ దగ్గర ఉంది. ఆ వరసలో ట్రయల్స్ అన్న మాట కనబడితే పని సగం అయినట్టే. నంబరు కొట్టిన చోట లోహం పక్క భాగం కన్నా పల్చగా, మరీ నున్నగా ఉంటే, అంకెల ఆకారం ఆ ఏళ్ల అచ్చులతో కలవకపోతే అనుమానించాలి. పాతది అరగదీసి కొత్తది కొట్టి ఉండొచ్చు.

రెండో దారి రిజిస్ట్రేషన్. తెలుగు పాఠకులకు పాత ఏపీ 16 నంబరు అనగానే కృష్ణా జిల్లా అని తెలిసినట్టే, పాత బ్రిటిష్ నంబరులో మూడక్షరాలుంటే చివరి రెండు ఏ కౌంటీయో, ఏ నగరమో చెబుతాయి. ఎన్‌పీ అంటే వూస్టర్‌షైర్, రెడ్డిచ్ ఉన్న కౌంటీ. సామీ మిల్లర్ ఏరియల్ నంబరు జీఓవీ 132, అందులో ఓవీ అంటే బర్మింగ్‌హామ్, ఏరియల్ కర్మాగారం ఉన్న నగరం. కంపెనీలు తమ వర్క్స్ బండ్లను సొంత ఊళ్లోనే రిజిస్టర్ చేసేవి కాబట్టి ఆ అక్షరాలు బలమైన సూచన. సూచనే, రుజువు కాదు. ఆ జిల్లాలో ఉండే మామూలు మనిషి కొన్న బండికీ అవే అక్షరాలు వస్తాయి. పైగా పోటీల విభాగాల్లో నంబరు ప్లేటు అలాగే ఉండి దాని కింద బండి కాలక్రమేణా దాదాపు పూర్తిగా మారిపోవడం మామూలు. మిల్లర్ ఏరియల్ కూడా ఏళ్ల పాటు అంగుళం అంగుళం మారుతూ వచ్చిందే.

కాగితాల్లో అన్నిటికన్నా విలువైనది పాత లాగ్‌బుక్. మన ఆర్‌సీ పుస్తకం లాంటిదే, కాకపోతే అందులో యజమానులందరి పేర్లూ ముద్రలతో వరసగా ఉంటాయి. అది లేకపోతే కౌంటీ రిజిస్టర్లు చూడాలి. వాహనాల లెక్క స్వాన్సీలోని కేంద్ర కార్యాలయానికి మారాక చాలా కౌంటీలు పాత పుస్తకాలను పారేశాయి, మిగిలినవి జిల్లా దస్తావేజుల భవనాల్లో ఉన్నాయి. 1983 నవంబరు లోపు కంప్యూటరులోకి ఎక్కని నంబర్లు రద్దయ్యాయి. అటకల మీద, కోళ్ల గూళ్ల వెనక పడి ఉన్న బండ్లు సరిగ్గా ఈ గుంపులోవే. పాత కాగితం ఏదైనా చూపి, గుర్తింపు ఉన్న క్లబ్ ధ్రువీకరిస్తే ఆ నంబరు తిరిగి ఇస్తారు, అయితే దాన్ని మరో బండికి మార్చడం కుదరదు.

మూడో సాక్ష్యం బండి తనే. లూకాస్ మాగ్నెటో మీద అది తయారైన నెల, సంవత్సరం చెక్కి ఉంటాయి. అమల్ కార్బురేటరులో మోనోబ్లాక్ రకం 1950ల మధ్యలో వచ్చింది కాబట్టి, 1952 నాటిదని చెప్పే బండికి అది ఉంటే తర్వాత మార్చారని అర్థం. ఇలాంటి ఒక్కో భాగం తేదీనీ లెడ్జరు తేదీ పక్కన పెట్టి చూడాలి. భాగాలన్నీ ఒకే ఏడాదికి కుదిరితే మంచిదే. ఒకటి రెండు కుదరకపోయినా కంగారు అక్కర్లేదు, పోటీల్లో వాడిన బండికి భాగాలు మారకపోతేనే ఆశ్చర్యం.

చివరిగా ఫొటోలు. పోటీల కార్యక్రమ పుస్తకాల్లో రైడర్ పేరు, పోటీ నంబరు, బండి రకం ఉంటాయి. పత్రికల్లో అదే రోజు తీసిన ఫొటో దొరికితే రెండూ జోడించవచ్చు. అప్పుడు చూడాల్సింది రైడర్ ముఖం కాదు. మడ్‌గార్డు కమ్మీ వంపు, ఫుట్‌రెస్టు అతుకు, ట్యాంకు మీది సొట్ట చూడాలి. ఎవరో చేత్తో వంచిన కమ్మీ మరో బండికి అచ్చం అలాగే ఉండదు. 1955లో ఎవరో వేసిన ఒక అదనపు కన్నం డెబ్బై ఏళ్ల తర్వాత బండి గుర్తింపును తేల్చగలదు.

అందుకే ఇలాంటి బండి దొరికిన వెంటనే ఇసుకతో రుద్ది, రంగు కొట్టి, క్రోమియం వేయించడం పెద్ద తప్పు. మెరుపుతో పాటు సాక్ష్యం కూడా పోతుంది. కోసిన చెవిని మళ్లీ అతికించి కొత్తలా చేస్తే ఆ బండి పోటీల్లో తిరిగిందన్న గుర్తు చెరిగిపోతుంది. ముందు అన్ని వైపులా ఫొటోలు తీయాలి, నంబర్లు కాగితం మీద పెన్సిలుతో అద్దుకోవాలి, తీసేసిన ప్రతి భాగాన్నీ చీటీ కట్టి దాచాలి. నడపడానికి అవసరమైన మరమ్మతు వరకే చేసి, బేరింగులు, వైర్లు, టైర్లు మార్చి, పైపూతను అలాగే ఉంచేవారు ఇప్పుడు ఎక్కువవుతున్నారు. ఇది మంచి మార్పు.

లెడ్జరులో పేరు లేక, లాగ్‌బుక్ దొరక్క, పాత నంబరు నిరూపించలేకపోయిన బండికి స్వాన్సీ కార్యాలయం దాని వయసుకు తగిన మరో నంబరు ఇస్తుంది. దాంతో రోడ్డెక్కవచ్చు, కిన్‌లోక్‌లెవెన్ కొండ కూడా ఎక్కవచ్చు. తర్వాత ఎప్పుడైనా పాత కాగితం బయటపడితే అసలు నంబరు కోసం మళ్లీ దరఖాస్తు పెట్టుకునే వీలుంది.